ఏమీ లేని చోట ఐదు రోజులు.. నాయనతో సస్కాచెవాన్!

నా వాట్సాప్ డీపీ మూడేళ్లుగా ఒక్కటే. ఎర్ర రెయిన్‌కోటు వేసుకుని, నయాగరా జలపాతం ముందు నవ్వుతూ నిలబడ్డ ఫొటో. అది చూసినవాళ్లు నేను నయాగరా పక్కవీధిలోనే ఉంటాననుకుంటారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. నిజానికి నేనుండే రెజీనా నుంచి అక్కడికి రోడ్డు మీద రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే!

రెజీనా అంటే కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని. ఆ పేరు పలకడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. ఇక్కడ చదువుకునే మన పిల్లలు సరదాగా చెప్పే మాటొకటుంది.. 'మీ కుక్క పారిపోతే మూడు రోజుల దాకా కనబడుతూనే ఉంటుంది' అని. అంత చదునుగా ఉంటుంది నేల. కొండ లేదు, సముద్రం లేదు. చదువు పూర్తికాగానే ఫ్రెండ్స్ చాలామంది టొరంటో వైపు వెళ్లిపోయారు. నాకూ అక్కడి నుంచి ఓ ఉద్యోగం ఆఫర్ వచ్చింది. సరిగ్గా అప్పుడే నాయన ఫోన్ చేశాడు. 'వీసా వచ్చింది రా. ఆగస్టులో వస్తాండా' అని.

మాది నంద్యాల జిల్లా, కోవెలకుంట్ల పక్కన ఓ పల్లె. నల్లరేగడి నేల. నాయన శనగ వేస్తాడు. నన్ను ఇక్కడికి పంపడానికి అందులో రెండెకరాలు అమ్మాడు. ఆ రెండెకరాలకు బదులుగా నేనాయనకు ఏం చూపించాలి? ఈ ఖాళీనా? అదే నా భయం.

పోనీ విమానమెక్కించి నయాగరాకు తీసుకెళ్దామంటే నాయనే ఒప్పుకోలేదు. "నువ్వుండేది యాడరా? ఆ ఊర్లు సూపించు సాలు" అన్నాడు. సరే అని నా సెకండ్ హ్యాండ్ కారులో ఐదు రోజుల టూర్ వేశాం. ఈ మూడేళ్లలో నేను కూడా చూడని చోట్లే అన్నీ.

మొదటి రోజు: ఎముకల గుట్ట మీద రాజధాని

రెజీనాలో మొదట చూడాల్సింది శాసనసభ భవనం. 1912లో పూర్తయింది. ముందు పూలతోట, దాని ముందు వాస్కానా సరస్సు, చుట్టూ 2,300 ఎకరాల పార్కు. ఉత్తర అమెరికాలో నగరం మధ్యన ఉన్న అతి పెద్ద పార్కుల్లో ఇదొకటి. సాయంత్రం పూట ఇక్కడ నడుస్తుంటే బాతులు మనకు దారివ్వవు, మనమే వాటికివ్వాలి.

రెజీనా అంటే లాటిన్‌లో రాణి. విక్టోరియా రాణి మీద పెట్టిన పేరు. అంతకుముందు ఈ చోటును ఇక్కడి క్రీ జాతి ప్రజలు తమ భాషలో 'ఎముకలు గుట్టగా పోసిన చోటు' అని పిలిచేవారు. వాస్కానా అన్న మాట అందులోంచే వచ్చింది. ఎవరి ఎముకలంటే, బైసన్లవి. మన అడవిదున్నకు దూరపు చుట్టాల్లాంటి భారీ జంతువులు. ఒకప్పుడు ఈ మైదానాల్లో కోట్లలో తిరిగేవి. తోళ్ల కోసం వేటాడి వేటాడి, 1880ల చివరికి మొత్తం ఖండంలోనే వాటి సంఖ్యను వందల్లోకి తెచ్చేశారు. వాటి మీదే బతికిన ఆదివాసీలు ఆకలి పాలయ్యారు. 1874 నుంచి ఒప్పందాల మీద ఒప్పందాలు చేసుకుని, ఆ ప్రజలను చిన్న చిన్న రిజర్వులకు పరిమితం చేశారు. ఆ తర్వాత బయటి నుంచి వచ్చినవాళ్లకు పది డాలర్ల రుసుముకు 160 ఎకరాలు రాసిచ్చారు.

"పది డాలర్లకు నూటరవై ఎకరాలా?" నాయన సరస్సు దగ్గర బెంచీ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. "అంటే ఇది ఖాళీగా ఉన్న నేల కాదన్నమాట. ఖాళీ చేయించిన నేల" అన్నాడు చివరికి. మూడేళ్లుగా ఆ సరస్సు చుట్టూ జాగింగ్ చేసిన నాకు ఆ ముక్క తట్టలేదు.

పక్కనే రాయల్ సస్కాచెవాన్ మ్యూజియం. ఇక్కడి హీరో 'స్కాటీ' అనే టీ రెక్స్. 1991లో ఈ రాష్ట్రంలోనే ఈస్టెండ్ అనే చిన్న ఊరి దగ్గర బయటపడింది. 13 మీటర్ల పొడవు, బతికున్నప్పుడు దాదాపు 8,800 కిలోల బరువు ఉండేదని అంచనా. ఇప్పటిదాకా దొరికిన అతి పెద్ద టీ రెక్స్‌లలో ఒకటి. మ్యూజియంలో నిలబెట్టింది దాని పూర్తి సైజు ప్రతిరూపం. దాని నోటి కింద నిలబడి సెల్ఫీ తీసుకోకుండా ఎవరూ బయటికి రారు. మేమూ రాలేదు.

రెండో రోజు: దుప్పి గొడవ, సొరంగం కథ

రెజీనా నుంచి పడమరకు గంటలోపే మూస్ జా అనే ఊరు. ఊరి మొదట్లోనే పది మీటర్ల ఎత్తున భారీ దుప్పి బొమ్మ ఉంటుంది. పేరు మ్యాక్. 1984లో కట్టారు. ప్రపంచంలో అతి పెద్ద మూస్ విగ్రహం మాదేనని మురిసిపోతుంటే, నార్వేలో ఎవరో అంతకంటే కాస్త ఎత్తుగా మెరిసే దుప్పిని నిలబెట్టారు. ఊరి జనానికి రోషం వచ్చింది. 2019లో మ్యాక్‌కు పెద్ద కొమ్ములు తొడిగి మళ్లీ ఫస్ట్ ప్లేస్ కొట్టేశారు. "మన ఊర్ల రథాల పోటీ మాదిరే ఉండాదే!" అని నాయన పగలబడి నవ్వాడు.

మూస్ జా అసలు ఆకర్షణ మాత్రం నేల కిందుంటుంది. డౌన్‌టౌన్ కింద ఉన్న సొరంగాల్లో నటులే గైడ్లుగా మారి మనల్ని తిప్పుతారు. ఒక టూర్ మద్యనిషేధం నాటి దొంగసారా కథ. షికాగో డాన్ అల్ కపోన్ ఇక్కడికి వచ్చేవాడంటారు గానీ, దానికి గట్టి ఆధారాల్లేవు. ఇంకో టూర్ చైనా నుంచి వలస వచ్చిన కూలీల కథ. ఇందులో నాటకం పాలు కొంత ఉన్నా, దాని వెనకున్న చట్టం మాత్రం పచ్చి నిజం. కెనడాలో అడుగుపెట్టాలంటే చైనీయులు మాత్రమే తల పన్ను కట్టాలి. 1885లో 50 డాలర్లతో మొదలై, 1903 నాటికి 500 డాలర్లయింది. అప్పట్లో అది దాదాపు రెండేళ్ల సంపాదన. 1923లో అయితే వాళ్లను రానివ్వడమే దాదాపుగా ఆపేశారు. 1947 దాకా అంతే.

నేను ఇదంతా తెలుగులో గుసగుసగా చెబుతుంటే, నాయన చీకట్లో నా భుజం పట్టుకున్నాడు. "నీకెంత కట్టినాం రా ఫీజు?" అని అడిగాడు. నేను చెప్పలేదు. ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. పైకొచ్చాక ఇద్దరం టిమ్ హార్టన్స్‌లో కాఫీ తాగాం.

మూడో రోజు: గడ్డి కూడా టూరిస్ట్ స్పాటేనా?

మూస్ జా నుంచి స్విఫ్ట్ కరెంట్, అక్కడి నుంచి దక్షిణానికి తిరిగి వాల్ మేరీ. రెండో రోజు రాత్రికి ఈ చిన్న ఊరు చేరుకున్నాం. దాని పక్కనే గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్. పేరులోనే ఉంది కదా.. గడ్డి మైదానం. అమెరికా సరిహద్దు పక్కనే ఉంటుంది.

మొదటి అరగంట నాకు నిజంగానే ఏమీ కనిపించలేదు. గడ్డి, ఆ గడ్డి మీద గాలి, అంతే. నాయన మాత్రం కారు ఆపమన్నాడు. దిగి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పుడు కనిపించడం మొదలయ్యాయి. పొట్టి గడ్డి ఒక రకం కాదు, పది రకాలు. మధ్యలో బొటనవేలంత నాగజెముడు. "ఇంత సలి దేశంలో ఇదెట్లా బతుకుతాందో!" అని ఆశ్చర్యపోయాడు. కాస్త ముందుకెళ్తే ఎత్తుగడ్డ మీద గుండ్రంగా పేర్చిన రాళ్లు. ఆదివాసీలు గుడారాల అంచులు ఎగిరిపోకుండా పెట్టిన రాళ్లవి. గుడారాలు పోయినా వలయాలు మిగిలాయి. ఇలాంటివి ఈ పార్కులో వేల సంఖ్యలో ఉన్నాయి.

ఇంకొంచెం ముందుకెళ్తే 'ప్రెయిరీ డాగ్స్' ఊరు. కుక్కలు కాదు, ఉడుత జాతి. బొరియల్లో ఉంటాయి. మనిషి అలికిడైతే నిటారుగా లేచి కీచుమని అరిచి, మిగతావాటికి కబురు పంపుతాయి. నల్లతోక ప్రెయిరీ డాగ్స్ కెనడా మొత్తంలో సహజంగా బతికే చోటు ఇదొక్కటే.

మధ్యాహ్నం ఓ మలుపు తిరగ్గానే, రోడ్డుకు కాస్త దూరంలో ఓ బైసన్. ఒంటరి మగది. తల మన కారు బానెట్టంత ఉంది. వందేళ్లకు పైగా ఈ మైదానంలో ఇవి లేవు. 2005 చివర్లో వేరే పార్కు నుంచి 71 బైసన్లను తెచ్చి, తర్వాతి వేసవిలో ఇక్కడ వదిలారు. ఇప్పుడు మందలు మందలుగా పెరిగాయి. అది తలెత్తి మమ్మల్ని చూసి, పట్టించుకోకుండా మేత మేసుకుంది. కారు దిగకుండా అరగంట చూస్తూనే ఉన్నాం. రెజీనాలో విన్న ఎముకల కథకు ఇది జవాబులా అనిపించింది.

ఆ రాత్రి పార్కులోనే టెంటు వేశాం. 2009 నుంచి ఇది 'డార్క్ స్కై ప్రిజర్వ్'. అంటే చీకటిని కాపాడే చోటు. కృత్రిమ వెలుగులు లేకుండా చూస్తారు. పది దాటాక తలెత్తితే, పాలపుంత ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పరుచుకుని ఉంది. నాయన ముందు సప్తర్షులను పట్టుకున్నాడు. వాటిని బట్టి ధ్రువ నక్షత్రం వెతుక్కుని, "ఇదేంది రా, ఇంత పైకెక్కింది?" అన్నాడు. మన ఊళ్లో అది ఉత్తరాన కిందికి, చెట్ల మీద కనిపిస్తుంది. ఇక్కడ ఆకాశంలో సగం ఎత్తున ఉంది. మనం భూమ్మీద ఎంత ఉత్తరానికి పోతే అదంత పైకొస్తుంది మరి. నేనెంత దూరం వచ్చేశానో నాయనకు ఏ మ్యాపూ చెప్పలేనిది ఆ చుక్క చెప్పింది.

ఆ చీకట్లోనే ధైర్యం తెచ్చుకున్నా. నయాగరా ఫొటో సంగతి చెప్పేశా. "నేనుండేది ఇట్లాంటి చోట నాయనా. మీకు చెప్పుకోవడానికి సిగ్గేసింది. రెండెకరాలు అమ్మి పంపితే.." అని ఆగిపోయా.

కాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మీ అమ్మ నువ్వొచ్చిన నెలకే ఫోన్లో సూసింది. రెజీనా యాడుందో, నయాగరా యాడుందో. నువ్వే సెప్తావులే అని ఊరుకున్యాం" అన్నాడు. తర్వాత మెల్లగా, "నేల అమ్మింది నయాగరా సూడ్డానికా? నువ్వు సదువుకోడానికి. సదివినావు. అయిపాయె" అని అటు తిరిగి పడుకున్నాడు. నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు: పప్పు పండే చోటు

స్విఫ్ట్ కరెంట్ మీదుగా ఉత్తరానికి, సస్కటూన్ వైపు. దారంతా పొలాలే. ఇక్కడ సగటు వ్యవసాయ క్షేత్రం 1,700 ఎకరాలకు పైనే. రోజ్‌టౌన్ దగ్గరికి వస్తుంటే నాయన ఒక్కసారిగా సీట్లో ముందుకు వంగాడు. "ఆపు. అది పప్పు పంటే."

అవును, మసూర్. ప్రపంచంలో మసూర్ పప్పును అత్యధికంగా ఎగుమతి చేసేది కెనడా. అందులో సింహభాగం సస్కాచెవాన్‌లోనే పండుతుంది. మనం ఇంట్లో వండుకునే ఎర్రపప్పు ఇక్కడి నుంచి వచ్చిందే కావచ్చు. కోతలు జరుగుతున్నాయి. గట్టు మీద పికప్ ట్రక్కు ఆపుకుని ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. పొలం ఆయనదే. చూడొచ్చా అని అడిగితే, రమ్మని చెయ్యూపాడు.

నాయన ఓ కాయ తెంపి, అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, గింజను పంటి కింద కొరికాడు. ఆ పెద్దాయన చూసి నవ్వాడు. ఆయన కూడా అచ్చం అలాగే చేసి చూపించాడు. తేమ ఎంతుందో తెలుసుకోవడానికి అన్ని దేశాల రైతుల దగ్గరా ఉన్న మిషన్ ఒక్కటే అన్నమాట.. పన్ను!

నేను మధ్యలో దుబాసీని. నాయన దాచుకోకుండా అడిగేశాడు. "మీ పసుపు బఠాణీ మా దేశంలో దిగినప్పుడల్లా మా శనగ ధర పడిపోతాది. ఆయప్పకు తెలుసా అడుగు" అన్నాడు. 2023 డిసెంబరులో మన ప్రభుత్వం పసుపు బఠాణీ మీద సుంకం ఎత్తేశాక, శనగ రైతులందరి మాటా ఇదే. నేను కాస్త మెత్తగా అనువదించా. ఆయన తల ఊపాడు. 2017లో ఇండియా ఉన్నట్టుండి బఠాణీ మీద 50 శాతం, తర్వాత మసూర్, శనగల మీద 30 శాతం సుంకం వేసినప్పుడు, ఇక్కడ ధర ఎలా కూలిందో చెప్పాడు. ఢిల్లీలో ఏ నిర్ణయం తీసుకుంటారోనని తాను కూడా వార్తలు చూస్తానన్నాడు.

ఎకరాల్లో ఒకరు వందలో వంతు. కానీ ఇద్దరి గుండెదడా ఒక్క చోటే ఉంది. నాయన ఆయన వంక చూసి, "అయితే మనిద్దరినీ ఆడిస్తాండేది ఒకే కాయితమన్నమాట" అన్నాడు. ఈసారి ఉన్నదున్నట్టు అనువదించా. ఆయన గట్టిగా నవ్వి నాయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. వాళ్లిద్దరినీ పొలం మధ్యలో నిలబెట్టి ఓ ఫొటో తీశా.

సాయంత్రానికి సస్కటూన్. దక్షిణ సస్కాచెవాన్ నది ఒడ్డున, వంతెనల నగరం. ఊరి పేరు కూడా సస్కటూన్ బెర్రీ అనే పండు నుంచి వచ్చిందే. నేరేడు రంగులో ఉండే చిన్న పండు. దాంతో చేసే పై తప్పకుండా తినండి. నగర శివార్లలో వానుస్కెవిన్ హెరిటేజ్ పార్క్ ఉంది. ఆరు వేల ఏళ్లకు పైగా ఆదివాసీలు కలుసుకున్న లోయ ఇది. ఈజిప్టు పిరమిడ్ల కంటే పాత ఆనవాళ్లున్నాయి. 2019 డిసెంబరులో ఇక్కడికి బైసన్లను మళ్లీ తెచ్చారు. అందులో ఆరు మేం చూసొచ్చిన గ్రాస్‌ల్యాండ్స్ పార్కు దూడలే. 2020లో అవి మట్టిలో పొర్లుతుంటే, గిట్టల కింద నుంచి ఓ రాయి తేలింది. దాని మీద మనుషులు చెక్కిన గీతలు! అలాంటివి మొత్తం నాలుగు బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా తవ్వుతున్న చోటే ఇది. అంతమంది కళ్లు కప్పిన రాయిని, తిరిగొచ్చిన జంతువులు వెలికితీశాయి.

ఐదో రోజు: మునగడం చేతకాని సరస్సు

చివరి మజిలీ లిటిల్ మానిటూ సరస్సు. సస్కటూన్ నుంచి గంటంపావు దారి. నీళ్లు లోపలికి రావడమే గానీ బయటికి పోయే దారి లేదు. అందుకే లవణాలు పేరుకుపోయి, సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది. దిగితే తేలిపోతాం. కేసీ కెనాల్లో ఈత నేర్చిన నాయన ఇక్కడ మునగాలని నాలుగుసార్లు ప్రయత్నించి ఓడిపోయాడు. ఆఖరికి వెల్లకిలా పడుకుని, చేతులు తలకింద పెట్టుకుని, "ఇదేదో నులకమంచం మాదిరి ఉంది రా" అన్నాడు. కళ్లు మండుతాయి, జాగ్రత్త. బయటికొచ్చి మంచినీళ్లతో స్నానం చేయాలి. ఒడ్డునే 1928లో కట్టిన డ్యాన్స్‌ల్యాండ్ అనే హాలుంది. దాని చెక్క నేల కింద గుర్రపు వెంట్రుకలు పరిచారు. అడుగు వేస్తే నేల మెత్తగా ఊగుతుంది.

మీరూ వెళ్లాలనుకుంటే..

● జూన్ నుంచి సెప్టెంబరు దాకా మంచి సమయం. కనోలా పూల పసుపు చూడాలంటే జులై. చలికాలంలో మైనస్ 40 కూడా చూస్తాం, సరదా కాదు.

● మన దేశం నుంచి రెజీనాకు, సస్కటూన్‌కు డైరెక్ట్ విమానాల్లేవు. టొరంటో, వాంకూవర్, కాల్గరీ లాంటి చోట మారాలి. విజిటర్ వీసా తప్పనిసరి.

● కారు లేకపోతే కష్టం. పెట్రోలు బంకు కనబడినప్పుడే ట్యాంకు నింపేయండి. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సాయంత్రాలు జింకలు రోడ్డు మీదికొస్తాయి.

● బైసన్‌కు కనీసం వంద మీటర్ల దూరం పాటించాలి. గ్రాస్‌ల్యాండ్స్‌లో ర్యాటిల్ స్నేక్స్ ఉంటాయి. చీలమండ కప్పే బూట్లు వేసుకోండి. రాళ్ల వలయాల్లో ఒక్క రాయిని కూడా కదపకూడదు.

● ఆగస్టులోనూ రాత్రిళ్లు చలే. జాకెట్ మరచిపోవద్దు. దోమల మందు కూడా!

నాయన వెళ్లిపోయి వారమైంది. చివరి రాత్రి రెజీనాలో ప్యాకెట్ మసూర్ పప్పు కొని, ఎండుమిర్చి తాలింపు పెట్టి ఆయనే వండాడు. టొరంటో ఆఫర్‌కు జవాబివ్వడానికి ఇంకా పది రోజులుంది. వెళ్తానో ఉంటానో ఇంకా తేల్చుకోలేదు. కానీ ఒకటి మాత్రం మారింది. నా డీపీ. ఇప్పుడక్కడ మసూర్ పొలంలో నిలబడ్డ ఇద్దరు రైతులున్నారు. వెనకాల పొలం, దాని మీద ఆకాశం.

ఫ్యామిలీ గ్రూపులో అది చూసి అమ్మ అడిగింది, "ఆ వెనకాల ఏమీ లేదేందిరా?" అని.

నేను టైప్ చేసేలోపే నాయన వాయిస్ మెసేజ్ వచ్చేసింది. "ఫోన్లో కనపడదులే. పోయి సూడాల."